పెద్దలకు స్థిర నివాసం, యాత్రికులకు బస: కోనసీమలో రెంటికీ పనికివచ్చే ఇల్లు ఎలా రూపొందించాలి

కోనసీమలో ఇప్పుడు రెండు అవసరాలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిపోగా, పెద్ద పెద్ద పెంకుటిళ్లలో ఇద్దరే, కొన్నిచోట్ల ఒక్కరే మిగిలిపోయిన వృద్ధులు ఒకవైపు ఉన్నారు. దిండిలో పడవ ఎక్కడానికో, అంతర్వేది రథోత్సవానికో, కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూడటానికో వచ్చి, రాత్రికి సరైన బస దొరక్క రాజమండ్రికో కాకినాడకో తిరిగిపోయేవారు మరోవైపు ఉన్నారు. 2027లో గోదావరి పుష్కరాలు కూడా రానున్నందున బస కట్టాలన్న ఆలోచన చాలామందికి కలుగుతోంది. ఆరేడుగురు పెద్దవారు శాశ్వతంగా ఉంటూ, నాలుగైదు గదులు అతిథులకు ఇచ్చే ఒక ఇంటిని దృష్టిలో ఉంచుకొని, స్థలం చూడటం దగ్గరనుంచి తలుపులు తెరవడం వరకు ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

పనిలోకి దిగే ముందే ఒక నిర్ణయం తీసుకోండి. ఇల్లు పెద్దవారిది, అతిథి రెండు రోజులుండి వెళ్లిపోతాడు. గది కొలత దగ్గర, మెట్టు ఎత్తు దగ్గర, భోజనం వేళ దగ్గర ఇద్దరి అవసరాలు పోటీపడినప్పుడల్లా ఈ నిర్ణయం ప్రకారమే నడుచుకోవాలి. దీన్ని తిరగవేసినచోట ఇల్లు క్రమంగా లాడ్జి అయిపోతుంది, పెద్దవారు అందులో ఓ మూల గదికి పరిమితమైపోతారు.

స్థలం, నేలమట్టం

ఏటిగట్టుకు లోపల, అంటే ఊరివైపు ఉన్న స్థలమే చూడండి. గోదావరి పాయల మధ్య ఉండే లంకల్లో దృశ్యం ఎంత బాగున్నా, వరద వచ్చిన రోజున నడవలేని మనిషిని పడవ ఎక్కించవలసిన చోట వృద్ధుల నివాసం కట్టకూడదు. 1986 ఆగస్టులో గోదావరి వరద నీరు ఆ వీధిలో ఎక్కడివరకు వచ్చిందో ఊళ్లో డెబ్బై దాటిన వారెవరినడిగినా గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. 2022 జూలై వరద గురించి చెప్పగలవారైతే ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఇంటి అరుగుమట్టం ఆ గుర్తుకన్నా పైన ఉండాలి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను, ఇంటి పైకప్పులను ఎలా పడగొట్టిందో తెలిసినవారు పెంకులను, రేకులను ఎలా బిగించాలో మేస్త్రీకి వేరే చెప్పనక్కర్లేదు. తెలియనివారు మాత్రం ఆ సంగతి ఇంజనీరుతో మాట్లాడి తీరాలి.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. వరద కోసం ఇల్లు ఎత్తు చేస్తే, చక్రాల కుర్చీకి ర్యాంపు పొడుగవుతుంది. దేశంలో అమలులో ఉన్న సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాల ప్రకారం ర్యాంపు వాలు పన్నెండు అడుగులకు ఒక అడుగు మించకూడదు. అంటే అరుగు మూడడుగుల ఎత్తుంటే ర్యాంపు కనీసం ముప్పై ఆరడుగులు ఉండాలి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి అయిదడుగుల చదరపు తలం కూడా వేయాలి. చాలామంది ఇంటి ముందు అంత జాగా లేదని వాలు పెంచేస్తారు. అలాంటి ర్యాంపు మీద కుర్చీ నెట్టేవారు కూడా జారిపడతారు. దానికన్నా మంచి పద్ధతి ఉంది. గేటునుంచి గుమ్మం వరకు ఉన్న వాకిలినే మట్టిపోసి నెమ్మదిగా పైకి లేపండి. ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే దారిని ఎవరూ ర్యాంపు అనుకోరు, నడిచిపోతారు. యాత్రికులు ఈడ్చుకొచ్చే చక్రాల సూట్‌కేసులకూ అదే దారి పనికివస్తుంది. ఈ దారిని, కూర్చునే బల్లలను కొబ్బరిచెట్ల కిందుగా మాత్రం వేయకండి. కాయల దింపు నాలుగు రోజులు ఆలస్యమైతే చాలు, ముదురు కాయ ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

ముందుభాగం ఎవరికి, వెనుకభాగం ఎవరికి

నక్షా గీసేవారిలో ఎక్కువమంది అతిథి గదులను వీధివైపు పెట్టి, పెద్దవారికి ప్రశాంతత కావాలంటూ వారిని వెనక్కి తోస్తారు. నా అభిప్రాయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వయసు మళ్లినవారికి వీధి కావాలి. పాలవాడు రావడం, బడిపిల్లలు సైకిళ్ల మీద పోవడం, పక్కింటి పెళ్లికి పందిరి వేయడం, గుడిలో మైకు మోగడం ఇవన్నీ చూస్తూ వింటూ ఉండటమే వారికి రోజంతా కాలక్షేపం. పట్నంనుంచి వచ్చిన యాత్రికుడికి ఆ వీధితో పనిలేదు. అతనికి కావలసింది కొబ్బరితోట, కాలవ, పెరట్లో ఉయ్యాల. కాబట్టి వీధి అరుగు, వసారా, ముందు గదులు పెద్దవారికి ఇచ్చి, పెరటివైపు గదులు అతిథులకు ఇవ్వండి.

ఇలా చేసినప్పుడు అతిథులు పెద్దవారి గదులు దాటుకొని పోవలసిన అవసరం రాకుండా ఇంటి పక్కగా అయిదడుగుల సందు ఒకటి వదిలి, దానికి వేరే చిన్న గేటు పెట్టాలి. హైదరాబాదు నుంచి రాత్రి బయలుదేరే బస్సులు తెల్లవారుజామున అమలాపురం, రాజోలు చేరుతాయి. అయిదు గంటలకు దిగినవారికి గది ఇంకా ఖాళీ కాకపోయినా, సామాను పెట్టుకొని స్నానం చేయడానికి ఒక బాత్రూమ్ ఉన్న చిన్న గది ఈ సందు మొదట్లోనే కట్టించండి. ఆ వేళకు పెద్దవారిలో సగం మంది లేచి కాఫీ తాగుతూనే ఉంటారు గనుక, వచ్చిన అతిథులు వారికి ఇబ్బంది కాదు. ఇబ్బంది పెట్టేవారు రాత్రి పదకొండు గంటలకు భోజనం చేసి వచ్చి కారు తలుపులు ధనధనమని వేసేవారు. అందుకే కార్లు ఆపే చోటు పెద్దవారి పడకగదుల గోడకు ఆనుకొని ఉండకూడదు.

రెండు వర్గాలూ కలిసే చోటు ఒక్కటే ఉండాలి, అది కూడా ఇష్టమైతేనే కలిసేలా ఉండాలి. నడుమ పైకప్పు లేని ఖాళీ వదిలి కట్టే మన మండువా లోగిలి దీనికి చక్కగా అమరుతుంది. నలువైపులా వసారాలు ఉండటం వల్ల ఒక వసారాలో కూర్చున్నవారు అవతలి వసారాలో ఉన్నవారిని చూడవచ్చు, పలకరించాలని అనిపించకపోతే ఊరుకోవచ్చు. పెద్దవారి గది కిటికీలు మాత్రం మండువావైపు నేరుగా తెరుచుకోకూడదు. తెరుచుకోక తప్పకపోతే కింది సగానికి చెక్క జాలీ పెట్టించండి. సెల్‌ఫోన్ పట్టుకొని వీడియోలు తీసే అతిథి, నూలు చీరలో మునగాకు దూసుకుంటున్న మామ్మగారిని కూడా తన దృశ్యంలో కలుపుకోవాలని చూస్తాడు. ఆవిడను అడగకుండా తీయకూడదని గదిలో రాసిపెట్టడం అవసరమే గాని, ఆ అవకాశమే తక్కువగా ఉండేలా కట్టడం అంతకన్నా అవసరం.

మండువాలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. నడిమి గుంట అంచు అరడుగో అడుగో లోతుకు దిగుతుంది. మసక చూపు ఉన్నవారికి ఆ అంచు కనపడదు. అంచు పొడవునా నాలుగంగుళాల వెడల్పున నేల రంగుకు భిన్నమైన రాయి పరిపించి, స్తంభాల మధ్య పట్టుకోవడానికి కడ్డీ బిగించాలి. వానాకాలంలో చూరునీరు చింది వసారా తడుస్తుంది కాబట్టి చూరుకు కాలువ రేకులు కట్టించి, నీటిని నాలుగు మూలల గొట్టాల ద్వారా దింపాలి.

గడప

గడప లేని గుమ్మానికి మన పెద్దవారు ఒప్పుకోరు. పసుపు రాసి బొట్టు పెట్టే చోటది, తీసేయమనడం మర్యాద కాదు. కాని మూడంగుళాల గడప, కాలు ఎత్తి వేయలేని మనిషికి రోజూ పొంచి ఉన్న ప్రమాదం. దీనికి తేలికైన ఉపాయం ఉంది. గడప కమ్మీని నేలలోకి దించి, దాని పైభాగం రెండువైపుల నేలతో సమమట్టంగా ఉండేలా అమర్చండి. టేకు గడప చక్కగా కనిపిస్తుంది, పసుపు కుంకుమలకు చోటుంటుంది, చక్రాల కుర్చీ దాని మీదుగా దొర్లిపోతుంది. వాననీరు లోపలికి రాకుండా గడపకు బయటివైపు ఇనుప జాలీ వేసిన సన్నని కాలువ తవ్వించాలి. నేల పని మొదలుకాకముందే వడ్రంగిని, టైల్స్ మేస్త్రీని ఒకేచోట నిలబెట్టి ఈ సంగతి చెప్పాలి. ఎవరి మట్టం వారు చూసుకుంటే చివరికి అరంగుళం తేడా మిగులుతుంది. తట్టుకొని పడటానికి ఆ అరంగుళమే చాలు.

గుమ్మాల వెడల్పు తలుపు తెరిచాక మూడడుగులకు తగ్గకుండా చూడండి. నేలకు మెరిసే టైల్స్ వద్దు. గరుకు పాలిష్ చేసిన తాండూరు రాయి గాని, మ్యాట్ టైల్స్ గాని మంచివి.

బాత్రూమ్

డబ్బు తక్కువై ఎక్కడో ఒకచోట తగ్గించుకోవలసి వస్తే హాలులో తగ్గించుకోండి, బాత్రూమ్‌లో వద్దు. ఇంట్లో పెద్దవారు పడిపోయే చోట్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే. ఇక్కడి మేస్త్రీలకు బాత్రూమ్ నేలను గది నేలకన్నా రెండు మూడంగుళాలు దింపడం అలవాటు. దింపకుండా గుమ్మం దగ్గర సమమట్టంగా ఉంచి, స్నానం చేసే మూలకు సన్నగా వాలు ఇచ్చి, అక్కడ గోడ పొడవునా జాలీ కాలువ పెట్టించండి. నీళ్లు బయటికి రావడం లేదని టైల్స్ వేశాక కాదు, వేయకముందే పది బకెట్ల నీళ్లు పోసి చూడాలి.

తలుపు బయటికి తెరుచుకోవాలి లేదా పక్కకు జరగాలి. లోపల పడిపోయిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ తీయలేరు. గొళ్లెం బయటినుంచి నాణెంతో తిప్పి తీయగలిగే రకం కావాలి. కుర్చీ తిరగడానికి లోపల అయిదడుగుల ఖాళీ ఉండాలి, కమోడ్ ఎత్తు పద్దెనిమిది అంగుళాలకు అటూ ఇటూగా ఉండాలి, పక్కన రెండువైపులా పట్టుకునే స్టీలు కడ్డీలు ఉండాలి. ఆ కడ్డీలు మనిషి పూర్తి బరువు ఆగేలా బిగించాలి కాబట్టి, అవి వచ్చే చోట గోడలో ముందే గట్టి కాంక్రీటు దిమ్మ పోయించుకోండి. బోలు ఇటుక గోడకు ప్లాస్టిక్ బుడిపెలు కొట్టి బిగించిన కడ్డీ టవలు ఆరేసుకోవడానికి తప్ప పనికిరాదు.

మన పెద్దవారిలో చాలామంది షవర్ కింద నిలబడరు, బకెట్టు, చెంబు కావాలంటారు. నేలమీది బకెట్టులోకి వంగి నీళ్లు ముంచుకోవడమే కళ్లు తిరిగి పడిపోవడానికి కారణమవుతుంది. కూర్చోవడానికి పద్దెనిమిది అంగుళాల ఎత్తు రాతి బల్ల, దాని పక్కనే బకెట్టు పెట్టుకోవడానికి అడుగు ఎత్తు దిమ్మ, ఆ దిమ్మ మీదికి వచ్చేలా కుళాయి అమర్చండి. కూర్చున్న మనిషి వంగకుండానే నీళ్లు తీసుకోగలగాలి. గీజర్‌ను నలభై అయిదు డిగ్రీల దగ్గర ఆపి ఉంచాలి. పిలిచే గంట మీటను చేతికి అందే ఎత్తులో ఒకటి, నేలనుంచి అడుగు ఎత్తులో మరొకటి పెట్టించాలి. పడిపోయినవారికి రెండోదే అందుతుంది.

అతిథి గదులనూ అవే కొలతలకు కట్టండి

ఇది ఖర్చు పెంచే సలహాలా కనిపిస్తుంది, నిజానికి పొదుపు చేసేది. కోనసీమకు వచ్చే అతిథుల్లో చాలామంది తీర్థయాత్రకు వచ్చేవారు; అంతర్వేది, అప్పనపల్లి, అయినవిల్లి, ద్రాక్షారామం చూడటానికి అమ్మానాన్నలను వెంటబెట్టుకొని వస్తారు. కమోడ్ పక్కన కడ్డీ ఉన్న గది, మెట్లెక్కనక్కర్లేని గది వారికి దొరకడమే అరుదు. రెండో కారణం, మీ ఇంటి నివాసుల్లో ఒకరికి తుంటి ఎముక విరిగి సహాయకురాలు పక్కన ఉండవలసి వచ్చినప్పుడు, లేదా కొత్తగా ఒక దంపతులు వచ్చి చేరినప్పుడు, అతిథి గదిని ఒక్కరోజులో నివాస గదిగా మార్చుకోవచ్చు. సెలవులకు వచ్చే కొడుకులూ కూతుళ్లూ మనవలూ ఉండేది కూడా ఆ గదుల్లోనే.

పై అంతస్తు వేయక తప్పకపోతే అతిథులను పైన ఉంచవచ్చు గాని, పెద్దవారి పడకగదుల నెత్తిమీద మాత్రం వద్దు. రాత్రి కుర్చీ ఈడ్చిన చప్పుడు కింద నిద్ర పట్టని మనిషికి ఉరుములా వినిపిస్తుంది. పై గదులు భోజనశాల మీద రావాలి. అప్పుడు కూడా మెట్లెక్కలేని అతిథుల కోసం ఒక గదైనా కింద ఉంచండి.

వెలుతురు, వంట, కరెంటు

అరవై ఏళ్ల వ్యక్తి కంటి లోపలికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల వ్యక్తి కంటికి చేరేదానిలో ఇంచుమించు మూడో వంతే. అందువల్ల పెద్దవారి గదుల్లో, వసారాల్లో దీపాలు ఎక్కువ కావాలి, కాని బల్బు నేరుగా కంట్లో పడకూడదు. మంచం నుంచి బాత్రూమ్ దాకా నేలకు దగ్గరగా చిన్న రాత్రి దీపాలు ఇన్వర్టర్ మీద వెలిగేలా కలపండి. అతిథులకేమో తోటలో చీకటి కావాలి. అక్కడ నడిచే దారి వెంట మాత్రమే మోకాలి ఎత్తు దీపాలు పెడితే సరిపోతుంది.

వంటిల్లు ఒక్కటే ఉన్నా వడ్డన రెండుసార్లు జరుగుతుందని ముందే ఒప్పుకోవాలి. పెద్దవారు ఏడున్నరకు టిఫిను, పన్నెండుకు భోజనం, రాత్రి ఏడింటికి ఫలహారం ముగిస్తారు. అతిథులకు ప్రతి పూటా రెండు గంటలు ఆలస్యం. ఈ తేడా మీకు మేలే చేస్తుంది, ఎందుకంటే ఒకే భోజనశాల ఇద్దరికీ సరిపోతుంది. నివాసుల్లో శాకాహారులు ఉంటే చేపల వంటకు పెరటివైపు వేరే పొయ్యి, వేరే పొగగూడు ఉండాలి. వరదనీరు వచ్చే నెలల్లో అతిథి పులస పులుసు అడగకుండా ఉండడు, ఆ వాసన వసారాలోకి వచ్చాక చేసేదేమీ ఉండదు. ఆత్రేయపురం పూతరేకులు అతిథుల బల్ల మీద పెట్టి, మధుమేహం ఉన్నవారి కళ్ల ఎదుటే పెట్టెలు తెరిపించడం కూడా అంత మంచి పని కాదు.

ఆక్సిజన్ యంత్రం వాడేవారు ఒక్కరున్నా ఇన్వర్టర్ చాలదు, జనరేటర్ కావాలి. దాన్ని ఇంటికి దూరంగా, వరద గుర్తుకు పైన దిమ్మ కట్టి పెట్టించండి. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంట, తాగునీటి నూతికి పద్దెనిమిది మీటర్ల ఎడంగా ఉండాలి. ఇక్కడ నీటిమట్టం చాలా పైనే ఉంటుంది కాబట్టి ఆ ఎడం ఇంకా ఎక్కువైతేనే మంచిది. అంబులెన్సు వసారా వరకు రాగలిగేలా పన్నెండడుగుల గేటు పెట్టాలి. 108, 112, వృద్ధుల సహాయవాణి 14567 నెంబర్లు పెద్ద అక్షరాల్లో ప్రతి గదిలో ఉండాలి.

కాగితాలు, లెక్కలు

ప్లాను పంచాయతీకి పెట్టకముందే పర్యాటకశాఖ కార్యాలయంలో మాట్లాడండి. కేంద్ర పర్యాటకశాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటినుంచి ఆరు గదుల వరకే అనుమతి ఉంది, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే నివసించాలి. అమెరికాలో ఉండి మేనేజరుతో నడిపించాలనుకునేవారు ఈ నిబంధన దగ్గరే ఆగిపోతారు. తల్లిదండ్రులు యజమానులుగా అక్కడే ఉండే ఇంటికి ఆ ఇబ్బంది లేదు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు బస చేస్తే, వారి పేరు రెడ్డిగారైనా రాజుగారైనా, ఇరవై నాలుగు గంటల్లోపు వివరాలు ఆన్‌లైన్‌లో సంబంధిత అధికారులకు పంపాలి. బయటివారైన పెద్దలను నివాసులుగా చేర్చుకుంటే వృద్ధుల నివాసాల కోసం కేంద్ర గృహనిర్మాణ మంత్రిత్వశాఖ 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు చదివి, ఒప్పందాన్ని న్యాయవాదితో రాయించండి. అతిథి గదుల సంఖ్య పెంచాలంటే నివాసుల సమ్మతి తప్పనిసరి అన్న షరతు అందులో ఉండాలి.

లెక్కలో అందరూ పడే గోతిని ఒకటి చెప్పి తీరాలి. సంక్రాంతి వారంలో గదులకు పలికే ధర చూసి సంవత్సరమంతా అలాగే ఉంటుందని అంచనా వేయకండి. ఇక్కడ బసకు గిరాకీ ఉండేది ఎక్కువగా అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకానే. ఎండలకూ వరదలకూ గదులు ఖాళీగానే ఉంటాయి, 2020లో కరోనా వల్ల నెలల తరబడి అతిథులే రాలేదు. కాబట్టి వంటమనిషి, రాత్రి సహాయకురాలు, కరెంటు, మందులు తెచ్చిపెట్టే మనిషి వంటి ఆగకూడని ఖర్చులన్నీ నివాసులు నెలనెలా ఇచ్చే సొమ్ముతోనే గడవాలి. అతిథుల సొమ్ముతో పెయింటు వేయించండి, వారానికోసారి ఫిజియోథెరపీ చేసేవారిని పిలిపించండి, పెద్దవారిని కారులో దర్శనానికి పంపండి. ఆ సొమ్ము రాని నెలలో ఇవి ఆగినా ఎవరి ప్రాణానికీ ముప్పు ఉండదు.

తలుపులు తెరిచే వరుస

నివాసులూ అతిథులూ ఒకేరోజున రాకూడదు. మొదట పెద్దవారే చేరి, కనీసం ఒక వానాకాలం గడపనివ్వండి. ఏ వసారా జారుతుందో, ఏ స్విచ్ అందడం లేదో, రాత్రి ఏ తలుపు కిర్రుమంటుందో వారే చెబుతారు, అవన్నీ సరిచేయండి. ఆ తరువాత వచ్చే చలికాలంలో రెండు అతిథి గదులు మాత్రమే తెరిచి, రాత్రి పది దాటాక మైకులూ పాటలూ వద్దని బుకింగు సమయంలోనే చెప్పండి. సీజను ముగిశాక నివాసులను ఒక్కొక్కరినీ విడిగా అడగండి, ఎందుకంటే అందరిలో కూర్చోబెట్టి అడిగితే మొహమాటానికి బాగానే ఉందంటారు. వారు కాదన్న సంగతులు సవరించాకే మిగిలిన గదులు బుకింగుకు పెట్టండి.